పీఆర్ పెరిగిన నెల: సోలార్ ప్లాంటులో నా ఇంటర్న్‌షిప్

మే నెలలో ఒక శనివారం మధ్యాహ్నం హెల్మెట్, రిఫ్లెక్టర్ జాకెట్, గేట్ పాస్ స్టోర్స్‌లో తిరిగి ఇచ్చేశాను. స్టోర్స్ అన్న రిజిస్టర్‌లో మూడింటికీ టిక్కులు పెట్టుకుని, సంతకం చేయించుకుని, "షూస్ నువ్వే ఉంచుకో పాపా, నీ సైజు ఇక్కడ ఎవరికీ రాదు" అన్నాడు. బయట వ్యాన్ హారన్ కొడుతోంది. జనవరిలో ఈ షూస్ మొదటిసారి వేసుకున్నప్పుడు మడమల దగ్గర తోలు లేచిపోయి వారం రోజులు కుంటాను. ఇప్పుడు అవి లేకుండా నడిస్తే కాళ్లు తేలిగ్గా, కొత్తగా అనిపిస్తున్నాయి.

నేను కర్నూలులో ట్రిపుల్ ఈ చదివాను. మా కాలేజీ అనంతపురం జేఎన్‌టీయూ కింద ఉంది. నాలుగో ఏడాది రెండో సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్‌కీ ప్రాజెక్టుకే. మా క్లాసులో చాలామంది ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్ కోర్సులు చేశారు. వాళ్లను తప్పు పట్టను, సైట్‌లో అవకాశం దొరకడం అంత సులువు కాదు. నాకు ఒక సీనియర్ అక్క ద్వారా దొరికింది. గని, శకునాల గ్రామాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది కదా, 2017లో పూర్తయింది, దాదాపు 5,900 ఎకరాలు. అందులో ఒక కంపెనీ ప్లాంటులో ఐదు నెలలు. సి-క్యాంపులో మా పెద్దమ్మ ఇంట్లో ఉండి, తెల్లవారుజామున నంద్యాల చెక్‌పోస్ట్ దగ్గర కంపెనీ వ్యాన్ ఎక్కేదాన్ని. ఓర్వకల్లు రాళ్లగుట్టలు దాటేసరికి సూర్యుడు వచ్చేవాడు.

మొదటి నెల గురించి ఎక్కువ చెప్పను. సేఫ్టీ క్లాసులు, కేబుల్ రంగులు, ఏ తాళం ఎవరి దగ్గర ఉంటుంది, పర్మిట్ లేకుండా ఏ డబ్బా తెరవకూడదు, ఇవే. ఒక్క సంగతి మాత్రం ఈ రంగంలోకి వచ్చే ప్రతి ఒక్కరికీ చెప్పాలనిపిస్తుంది. మా బ్లాక్‌లో ఇరవై ప్యానెల్స్ వరసగా కలిపితే ఒక స్ట్రింగ్. ఒక్కో ప్యానెల్ నుంచి నలభై వోల్టుల లోపే వస్తుంది, చేత్తో పట్టుకున్నా ఏం కాదనిపిస్తుంది. కానీ స్ట్రింగ్ చివర ఏడు, ఎనిమిది వందల వోల్టుల డీసీ ఉంటుంది. ఏసీ సెకనుకు వంద సార్లు సున్నా దాటుతుంది కాబట్టి కనెక్షన్ ఊడినప్పుడు పుట్టే నిప్పు ఆరిపోయే అవకాశం ఉంటుంది. డీసీకి ఆ సున్నా లేదు. కరెంటు పారుతుండగా కనెక్టర్ ఊడదీస్తే నిప్పు సాగుతూనే ఉంటుంది. "స్విచ్ ఆపానని నమ్మొద్దు, క్లాంప్ మీటర్ పెట్టి సున్నా చూసి నమ్ము" అని మా సైట్ ఇంజనీర్ సార్ రోజూ అనేవారు. మొదట్లో ఇది సేఫ్టీ మాట మాత్రమే అనుకున్నాను. ఇది నా మొత్తం ఇంటర్న్‌షిప్‌కు సంబంధించిన మాట అని ఏప్రిల్‌లో గానీ తెలియలేదు.

ఫిబ్రవరిలో నాకు సొంతంగా ఒక పని ఇచ్చారు, పీఆర్ (పర్ఫార్మెన్స్ రేషియో) లెక్క. సోలార్ ప్లాంటు బాగా పనిచేస్తోందా లేదా అనేది ఎన్ని యూనిట్లు వచ్చాయో చూస్తే తెలియదు. మబ్బు పట్టిన రోజు తక్కువ వస్తాయి, అది ప్లాంటు తప్పు కాదు. అందుకే పడిన ఎండకు ఎంత రావాలి, వచ్చింది ఎంత అని చూస్తారు. ఉదాహరణకు మా బ్లాక్ ఐదు మెగావాట్లు. ఒక రోజు చదరపు మీటరుకు ఆరు యూనిట్ల ఎండ పడిందనుకుందాం, అంటే ప్లాంటు ఆరు గంటలు పూర్తి సామర్థ్యంతో నడిచేంత ఎండ. నష్టాలేమీ లేకపోతే 30,000 యూనిట్లు రావాలి. మీటర్‌లో 23,400 ఉంటే పీఆర్ 78 శాతం. మిగతాదంతా వేడి, దుమ్ము, కేబుళ్లు, ఇన్వర్టర్, ట్రాన్స్‌ఫార్మర్ తినేస్తాయి.

ఎండను కొలిచేది పైరానోమీటర్. అరచేతిలో పట్టేంత పరికరం, పైన బోర్లించిన గాజు గిన్నె, లోపల నల్లటి గుండ్రని బిళ్ల. బిళ్ల వేడెక్కినకొద్దీ కొన్ని మిల్లీవోల్టులు పుడతాయి, వాటితోనే ఎండ ఎంతో చెబుతుంది. కర్నూలు ఉన్నది 15.8 డిగ్రీల అక్షాంశం మీద, అందుకే మా ప్యానెల్స్ దక్షిణానికి 15 డిగ్రీలు వంచి ఉంటాయి. పైరానోమీటర్ కూడా అదే వాలులో కూర్చుంటుంది. నాకిచ్చిన పనుల కాగితంలో మొదటి లైనే ఇది: ప్రతి ఉదయం డిస్టిల్డ్ వాటర్‌తో, మెత్తటి గుడ్డతో గాజు తుడవాలి.

మొదటి మూడు వారాలు తుడిచాను. ఫిబ్రవరి చివర్లో నాకు ఇంకో ఆలోచన వచ్చింది. రోడ్డు పక్క వరసల మీద దుమ్ము ఎక్కువ. రెండు స్ట్రింగులు తీసుకుని, ఒకటి రోజూ కడిగించి, ఒకటి వదిలేసి, మిట్టమధ్యాహ్నం రెండింటి కరెంటు క్లాంప్ మీటర్‌తో కొలిచేదాన్ని. పదిహేనో రోజుకు తేడా నాలుగు శాతం దాటింది. సార్‌కు చూపిస్తే సంతోషపడ్డారు. అప్పటిదాకా పదిహేను రోజులకోసారి కడిగేవాళ్లు, దాన్ని పది రోజులకు మార్చి చూద్దామన్నారు. ఈ హడావిడిలో నా ఉదయాలన్నీ ప్యానెల్ వరసల మధ్యే గడిచిపోయాయి. పైరానోమీటర్ ఉన్న వెదర్ స్టేషన్ వైపు టెక్నీషియన్ అన్న వెళ్తాడు కదా, గాజు ఆయనే తుడుస్తుంటాడనుకున్నాను. ఆయన్ని అడగలేదు.

ప్యానెల్స్ కడిగే పని చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లది. ఎండెక్కకముందే మొదలుపెట్టేవాళ్లు. వేడెక్కిన గాజు మీద చన్నీళ్లు పోస్తే పగుళ్లు రావచ్చు, పైగా మనుషులకూ ఆ ఎండలో కష్టం. పైపు పట్టుకునేవాళ్లు ఒకరు, పొడుగాటి కర్రకు కట్టిన వైపర్‌తో తోమేవాళ్లు ఇద్దరు. వాళ్లలో వయసులో అందరికంటే పెద్దావిడ, అందరూ పెద్దమ్మ అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఒకరోజు నా నోట్స్ చూసి, "ఏం రాస్తాండావ్ మ్మా రోజూ" అంది. చెప్పాను. "పైనెంత తోమినా ఏముంది, కిందంచు గీకితేనే గదా" అంది. చలికాలం మంచు పడుతుంది, ఆ తడికి దుమ్ము జారి ప్యానెల్ కింది అంచున బురదపట్టీలా గట్టిపడుతుంది. దూరం నుంచి చూస్తే ప్యానెల్ మెరుస్తూనే ఉంటుంది. సార్‌ను అడిగితే బొమ్మ గీసి చూపించారు. మా ప్యానెల్స్ నిలువుగా బిగించారు. లోపల సెల్స్ మూడు గుంపులుగా వరసలో ఉంటాయి, ఆ మూడు గుంపుల చివరి సెల్స్ కింది అంచునే ఉంటాయి. అక్కడ రెండు వేళ్ల వెడల్పున బురద కమ్మితే మూడు గుంపుల మీదా దెబ్బ పడుతుంది. కప్పేసింది కొంచెమే, పోయేది మాత్రం చాలా. ఎన్నేళ్లుగానో వైపర్ పట్టుకున్న పెద్దమ్మకు ఈ సంగతి బొమ్మ లేకుండానే తెలుసు. నా రిపోర్టులో ఆ భాగం ఆమె చెప్పిందేనని రాశాను. పేరు రాయమంటావా అని అడిగితే నవ్వి, వద్దంది.

మార్చి ముగిసింది. లెక్క కట్టాను. ఫిబ్రవరిలో మా బ్లాక్ పీఆర్ 78.6. మార్చిలో 80.1. లెక్క రెండుసార్లు సరిచూసుకున్నాను, తప్పులేదు. ఇంజనీరుగా నేను చేసిన మొదటి పని, దానికి అంకెల్లో ఫలితం. స్లైడ్లు చేసి నెలవారీ మీటింగ్‌లో చూపించాను. అందరూ బాగుందన్నారు. సార్ ఆ అంకెనే హెడ్డాఫీసుకు మెయిల్‌లో పంపారు. ఆ రాత్రి నాయనకు ఫోన్ చేసి అరగంట మాట్లాడాను. మాది కోడుమూరు వైపు పల్లె, ఉల్లి వేస్తాం. ఆయన అంతా విని, "మీ కరెంటు మన మోటారుకు వస్తాదా మ్మా" అన్నాడు. 33 కేవీలో బయల్దేరి 220కి, అక్కణ్నుంచి 400 కేవీకి పెరిగి గ్రిడ్‌లో కలిసిపోతుంది నాయనా, ఎవరిది ఎక్కడికి పోతుందో విడదీసి చెప్పలేమన్నాను. "పగలొచ్చే కరెంటులో మీదీ ఉంటాదిలే" అన్నాడు. ఒకప్పుడు రాత్రి కరెంటు కోసం టార్చి పట్టుకుని చేలోకి వెళ్లిన మనిషి. పాముల భయంతో అమ్మ ఆయన వచ్చేదాకా నిద్రపోయేది కాదు. ఆ మాట ఆయన అన్నప్పుడు నా గొంతు పట్టేసింది.

మూడు రోజుల తర్వాత, ఒక్క మబ్బు తునక లేని మధ్యాహ్నం, సార్ స్కాడా గదిలోకి, అంటే ప్లాంటు రీడింగులన్నీ స్క్రీన్ల మీద కనిపించే గదిలోకి పిలిచారు. రెండు స్క్రీన్లు పక్కపక్కన పెట్టారు. పక్క బ్లాక్ వెదర్ స్టేషన్‌లో ఎండ చదరపు మీటరుకు 945 వాట్లు. మాది 900. అంతకంటే ఏమీ చెప్పలేదు. కాసేపయ్యాక, "సూర్యుడు ఇద్దరికీ ఒకడే కదమ్మా" అన్నారు.

పరుగున వెదర్ స్టేషన్‌కు వెళ్లాను. గాజు గిన్నె మీద సన్నటి పొర. చూస్తే కనిపించదు, వేలితో రాస్తే గీత పడింది. గుడ్డ తడిపి తుడిచాను. వాకీటాకీలో సార్ గొంతు వచ్చింది: "943." టెక్నీషియన్ అన్న నా వెనకే వచ్చాడు. "నువ్వే తుడుస్తాండావనుకుంటి పాపా" అన్నాడు. ఐదు వారాల పాటు మేమిద్దరం ఒకరి మీద ఒకరం నమ్మకం పెట్టుకున్నాం. కానీ కాగితం మీద ఆ పని రాసి ఉన్నది నా పేరు పక్కన.

ఏం జరిగిందో ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ తప్పు ఎవరైనా చేయొచ్చు. పైరానోమీటర్ మురికిపడితే అది ఎండను తక్కువగా చూస్తుంది. ఎండ తక్కువని చెబితే రావాల్సిన యూనిట్లూ తక్కువే అవుతాయి. వచ్చిన యూనిట్లు మాత్రం అవే. నేను పైన చెప్పిన లెక్కనే తీసుకోండి. ఆరు యూనిట్ల ఎండను సెన్సార్ 5.8గా చూపిస్తే, 30,000 బదులు 29,000 రావాలని లెక్క తేలుతుంది. అవే 23,400 యూనిట్లకు పీఆర్ 80.7 అయి కూర్చుంటుంది. ప్యానెల్ మురికిపడితే అంకె తగ్గుతుంది, వెంటనే అందరూ చూస్తారు. సెన్సార్ మురికిపడితే అంకె పెరుగుతుంది, అందరూ చప్పట్లు కొడతారు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది తుడవడం మర్చిపోవడం కూడా కాదు. ఆ అంకె తప్పని నాకు సెన్సార్ దగ్గరికి వెళ్లకుండానే తెలిసి ఉండాలి. ఎండలు ముదిరితే సోలార్ బాగా వస్తుందని బయటివాళ్లు అనుకుంటారు. ప్యానెల్‌కు కావలసింది వెలుగు, వేడి కాదు. వాటి సామర్థ్యం కట్టేది 25 డిగ్రీల దగ్గర. ఆపైన ప్రతి డిగ్రీకి సుమారు 0.4 శాతం పడిపోతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం మా ప్యానెల్ వెనక థర్మామీటర్ 63 చూపించేది. అంటే ఆ సమయంలో వేడికే దాదాపు 15 శాతం పోతోంది. ఫిబ్రవరి కంటే మార్చి వేడి, కాబట్టి పీఆర్ కొంచెం తగ్గాలి. కడిగినందువల్ల కొంత కలిసొచ్చినా ఒకటిన్నర శాతం పెరగడం నాకు వింతగా తోచాలి. ఇది థర్డ్ ఇయర్‌లో చదివి పరీక్షలో రాసిన పాఠమే. కానీ నాకు కావలసిన అంకె వచ్చింది, అంతే, ఇక అక్కడితో ఆగిపోయాను.

సార్ తిట్టలేదు. తిడితే ఏడ్చి ఊరుకునేదాన్నేమో. "పక్క బ్లాక్ డేటాతో నెలంతా మళ్లీ లెక్క కట్టు. హెడ్డాఫీసుకు మెయిల్ నువ్వే రాయి, చూసి పంపుతా" అన్నారు. ఆ రోజు క్యాంటీన్‌లో అన్నం ముట్టలేకపోయాను, అంత టెన్షన్. సర్టిఫికెట్ ఇస్తారా, కాలేజీకి ఏమని చెబుతారు, అక్క పేరు చెడగొట్టానా, ఇవే ఆలోచనలు. సాయంత్రానికి మెయిల్ రాశాను. మార్చి పీఆర్ 80.1 కాదు, 77.9. కారణం పైరానోమీటర్ శుభ్రం చేయకపోవడం. బాధ్యత నాది. సార్ అంతా చదివి, చివరి మాట ఒక్కటి మార్చారు. "నాది" తీసేసి "సైట్ టీమ్‌ది" అని పెట్టారు. నేను వద్దన్నాను. "మీటింగ్‌లో నేనూ ఉన్నాను, ఆ అంకె నేనూ చూశాను" అన్నారు. మర్నాడు హెడ్డాఫీసు నుంచి ఒక్క మాటలో జవాబు వచ్చింది: నోటెడ్.

కడగడం మీద నా ప్రతిపాదన ఏమైందంటే, సగం నిలబడింది. రెండు స్ట్రింగుల పోలికకు పైరానోమీటర్‌తో పనిలేదు, ఆ కొలతలు సరైనవే. కానీ ఆ దుమ్ము రోడ్డు పక్క వరసల్లోనే. లోపలి వరసల్లో కొలిస్తే తేడా చాలా తక్కువ. మొత్తం బ్లాక్‌ను పది రోజులకోసారి కడగడం అంటే నీళ్లు దండగ. మా వైపు నీటి విలువ చెప్పక్కర్లేదు. ప్యానెల్‌కు రెండు లీటర్లే కదా అనుకున్నా, వేల ప్యానెల్స్‌కు ఎన్ని ట్యాంకర్లో లెక్క వేస్తే నాకే మనసొప్పలేదు. రోడ్డు పక్క వరసలకు పది రోజులు, మిగతావాటికి పదిహేను, కింది అంచు మాత్రం ప్రతిసారీ గట్టిగా తోమాలి. చివరికి ఇదే అమలు చేశారు. వెదర్ స్టేషన్ లాగ్‌షీట్‌లో నేను అడిగి రెండు గడులు పెట్టించాను: తుడిచిన సమయం, తుడిచినవారి సంతకం.

కాలేజీలో రిపోర్టు దగ్గర మళ్లీ చర్చ వచ్చింది. గైడ్ మేడమ్ డ్రాఫ్ట్ చూసి, "సెన్సార్ గొడవంతా ఎందుకమ్మా, సరిచేసిన గ్రాఫ్ ఒక్కటి పెట్టు చాలు, ఎక్స్‌టర్నల్‌కు లేనిపోని అనుమానాలు" అన్నారు. నా మేలు కోరే అన్నారు, మార్కుల గురించి ఆమె భయం నాకు అర్థమైంది. కానీ అది తీసేస్తే నా రిపోర్టులో మిగిలేది ఏ పుస్తకంలోనైనా దొరికే సరుకే. రెండు గ్రాఫులూ ఒకే పేజీలో, తప్పుది పైన, సరైనది కింద, మధ్యలో గాజు తుడిచిన తేదీ దగ్గర నిలువు గీతతో పెడతానని బతిమాలాను. మేడమ్ కాసేపు చూసి, ఐదో అధ్యాయంగా పెట్టుకోమన్నారు.

వైవాలో ఎక్స్‌టర్నల్ సార్ మిగతా పేజీలన్నీ తిప్పేసి ఆ పేజీ దగ్గరే ఆగారు. "వెదర్ స్టేషన్‌కు వెళ్లకుండా, డేటా చూసే ఈ తప్పు ఎలా పట్టుకుంటావు?" అన్నారు. పక్క స్టేషన్‌తో పోల్చడం, మబ్బులేని రోజు మధ్యాహ్నం రావాల్సిన విలువతో పోల్చడం, ప్యానెల్ వేడికి ఎదురుగా పీఆర్ గీసి చూడడం చెప్పాను. రాత్రి రీడింగ్ కూడా చూడొచ్చని అన్నాను, సున్నా దగ్గర ఉండాలి కదా అని. ఆయన తల అడ్డంగా ఊపి, "రాత్రి రీడింగ్ వైరింగ్ తప్పును చూపిస్తుంది, దుమ్మును చూపించదు. చీకట్లో మురికి గాజూ శుభ్రమైన గాజూ ఒకటే" అన్నారు. నిజమే. బయటికొచ్చాక ఆ వాక్యం నా కాపీలో పెన్సిల్‌తో రాసుకున్నాను.

సైట్‌లో చివరి ఉదయం ఆరున్నరకే వెదర్ స్టేషన్ దగ్గరికి వెళ్లాను. గాజు తుడిచి, సమయం రాసి, సంతకం పెట్టాను. డిస్టిల్డ్ వాటర్ సీసా, గుడ్డ ఉన్న డబ్బా టెక్నీషియన్ అన్న చేతికి ఇచ్చాను. ఆయన ఏమీ అనలేదు, డబ్బా మూత గట్టిగా బిగించి బైక్ పెట్టెలో పెట్టుకున్నాడు. పెద్దమ్మ వాళ్లు ఆ రోజు దూరపు వరసల్లో ఉన్నారు. వ్యాన్ టైమ్ అయ్యేలోపు వెళ్లి చెప్పి రాలేకపోయాను, అది ఇంకా మనసులో ఉంది.

ఇప్పుడు ఫలితాల కోసం ఎదురుచూస్తూ ఊళ్లో ఉన్నాను. ఉద్యోగం ఇంకా లేదు. అప్రెంటిస్ ఖాళీలు పడితే కబురు చేస్తామన్నారు. జూన్ రెండో వారంలో తొలకరి పడింది, నాయన చేలో ఉన్నాడు. ఆ పొద్దున టెక్నీషియన్ అన్న వాట్సాప్‌లో లాగ్‌షీట్ ఫోటో పంపాడు. 6:50, ఆయన సంతకం. కింద వాయిస్ మెసేజ్: "రాత్రి వానకు అదే కడుక్కుపోయింటాది గానీ, అయినా తుడిస్తి పాపా."